వీకెండ్ స్పోర్ట్స్ కారుకి ఏది మేలు: ఎమిషన్స్ టెస్టా, కలెక్టర్ ఇన్సూరెన్సా?

గ్యారేజీలో కవర్ కప్పి ఉంచిన స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకి రెండేళ్లకోసారి ఒక టెన్షన్ తప్పదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాగితం వస్తుంది. అందులో ఎమిషన్స్ టెస్ట్, అంటే బండి పొగ పరీక్ష, చేయించమని ఉంటుంది. బండేమో రెండు నెలలుగా కదల్లేదు.

నా దగ్గర 2006 హోండా ఎస్2000 ఉంది. అరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాం. ఏడాదికి పన్నెండు వందల మైళ్లు తిరిగితే గొప్ప. ఒక వేసవిలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. కొత్తది వేయించి అదే రోజు టెస్టింగ్ స్టేషన్‌కి తీసుకెళ్లాను. ఇంజిన్ శుభ్రంగా ఉంది, చెక్ ఇంజిన్ లైటు లేదు. అయినా టెస్ట్ చేయకుండానే వెనక్కి పంపారు. 1996 నుంచి వచ్చిన కార్లకి పొగ గొట్టంలో గొట్టం పెట్టి కొలవడం కాకుండా, కారు కంప్యూటర్‌కి వైరు తగిలించి చదువుతారు. క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్, పెట్రోలు ఆవిరిని పట్టే వ్యవస్థ, ఇలా ఒక్కోదానికి ఒక మానిటర్ ఉంటుంది. బ్యాటరీ తీస్తే అవన్నీ మొదటికొస్తాయి. మళ్లీ సిద్ధం కావాలంటే చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేయడం, కాసేపు ఐడిల్‌లో ఉంచడం, హైవే మీద ఒకే వేగంతో నడపడం, ఇదంతా కొన్ని రోజులు జరగాలి. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి అది తెలియకుండానే అయిపోతుంది. నెలకి రెండుసార్లు బయటికొచ్చే కారుకి అదే పెద్ద పని. ఆ లోపల నా రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది, జరిమానా కట్టాను.

అప్పుడే కలెక్టర్ ఇన్సూరెన్స్, అంటే సేకరణ కోసం ఉంచుకుని అరుదుగా నడిపే కార్లకి ఇచ్చే పాలసీ, గురించి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అరిజోనాలో ఆ ఇన్సూరెన్సూ, ఎమిషన్స్ టెస్టూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు అదే పరిస్థితిలో ఉన్న మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి, నాకు తెలిసింది ఒకచోట రాస్తున్నాను.

మీ ముందు ఉన్న దారులు మూడు. మామూలు పాలసీ మీదే ఉంటూ రెండేళ్లకోసారి టెస్ట్ చేయించుకోవడం ఒకటి. కలెక్టర్ పాలసీకి మారి, మీ రాష్ట్రం ఒప్పుకుంటే దాని ఆధారంగా టెస్ట్ నుంచి మినహాయింపు తీసుకోవడం రెండోది. బండికి వయసొచ్చేదాకా ఆగి, వయసు మీద వచ్చే మినహాయింపు వాడుకోవడం మూడోది. ఏది మంచిదన్నది ముందు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్న దాని మీద, తర్వాత బండిని నిజంగా ఎలా వాడతారన్న దాని మీద ఆధారపడుతుంది.

రాష్ట్రాన్ని బట్టి లెక్క మారుతుంది

అరిజోనాలో టెస్ట్ ఫీనిక్స్, టూసాన్ ప్రాంతాల్లోనే ఉంది. మొదటి ఐదు మోడల్ ఏళ్ల కొత్త కార్లకి, 1966, అంతకు ముందు వచ్చిన కార్లకి అవసరం లేదు. మధ్యలో ఉన్నవాటికి చట్టం ఒక తలుపు తెరిచి ఉంచింది. బండి కనీసం 15 ఏళ్లదై ఉండాలి, లేదా అరుదైన డిజైన్‌తో కొద్ది సంఖ్యలో తయారై, జనం ఆగి చూసేటట్టు ఉండాలి. ప్రధానంగా కార్ల క్లబ్బులు, ప్రదర్శనలు, పరేడ్లు, సొంత సేకరణ కోసమే ఉంచుకున్నదై, మిగతా పనులకి ఎప్పుడో తప్ప వాడకూడదు. మూడో షరతు అన్నిటికంటే ముఖ్యం: మైళ్లకో, వాడకానికో హద్దు పెట్టే కలెక్టర్ లేదా క్లాసిక్ ఇన్సూరెన్స్ ఉండాలి, ఆ పాలసీ మీకు రోజువారీ వాడకానికి వేరే కారు ఉండాలని కోరాలి. అంటే ఇక్కడ ఇన్సూరెన్స్ కాగితమే మినహాయింపుకి తాళంచెవి. నా 2006 ఎస్2000 వయసు పరీక్ష ఎప్పుడో దాటింది. పాలసీ మార్చాక మినహాయింపు దొరికింది. రేపు ఆ పాలసీ మానేస్తే మినహాయింపు కూడా దాంతోనే పోతుంది.

కాలిఫోర్నియా దీనికి పూర్తిగా వేరు. ఫ్రీమాంట్‌లోనో, శాన్ రామోన్‌లోనో ఉన్న స్నేహితులకి ఈ విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అరిజోనా సంగతి విని అక్కడ కూడా అంతేననుకుంటారు. అక్కడ పెట్రోలు కార్లలో 1975, అంతకు ముందు మోడళ్లకే పూర్తి మినహాయింపు. ఒకప్పుడు 30 ఏళ్లు దాటితే చాలు అనే నియమం ఉండేది, 2004లో చేసిన చట్టం దాన్ని ఆపి ఆ 1975 దగ్గరే మేకు కొట్టేసింది. కాబట్టి 1976 నుంచి వచ్చిన బండి ఎంత ముసలిదైనా స్మాగ్ చెక్‌కి (ఎమిషన్స్ టెస్ట్‌కి అక్కడి పేరు) వెళ్లాల్సిందే. దాన్ని సడలించాలని 35 ఏళ్లు దాటిన కలెక్టర్ కార్ల కోసం ఎస్‌బీ 712 అనే బిల్లు వచ్చింది. టీవీ వ్యాఖ్యాత, కార్ల సేకరణకర్త జే లెనో దగ్గరుండి మద్దతిచ్చారు కాబట్టి అందరూ దాన్ని లెనో చట్టం అన్నారు. 2025 ఆగస్టులో అసెంబ్లీ అప్రోప్రియేషన్స్ కమిటీ దగ్గరే అది ఆగిపోయింది.

అయినా కాలిఫోర్నియాలో కలెక్టర్ ఇన్సూరెన్స్‌కి ఒక చిన్న ఉపయోగం ఉంది, అది చాలామందికి తెలియదు. బండికి 35 మోడల్ ఏళ్లు నిండి, కలెక్టర్ కారుగా ఇన్సూరెన్స్ ఉంటే, స్మాగ్ చెక్ రెఫరీ అనే ప్రత్యేక పరీక్షకుల దగ్గర తగ్గించిన పరీక్ష చేయించుకోవచ్చు. పొగ గొట్టం దగ్గర కొలతలు పాస్ అవ్వాలి, పెట్రోలు మూత సరిగా ఉండాలి, ఇంధనం కారకూడదు. ఇంజిన్ బేలో ఏ పైపు ఎక్కడ ఉందని చూసే తనిఖీ మాత్రం ఉండదు. 1990 మాజ్డా మియాటాకి ఈ అవకాశం 2025లో వచ్చింది. పాత గొట్టాలు, వాల్వులు ఎక్కడా దొరకని బండికి ఇది చిన్న వరమే. 2000 తర్వాత వచ్చిన ఎస్2000 లాంటి వాటికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు ఆగాలి, అప్పటిదాకా పూర్తి టెస్ట్ తప్పదు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ల పని తేలిక. అక్కడ మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌ని 2025 జనవరి 1 నుంచి తీసేశారు. ఎమిషన్స్ టెస్ట్ మాత్రం డాలస్, కాలిన్, డెంటన్, హ్యారిస్, ఫోర్ట్ బెండ్, ట్రావిస్ లాంటి పెద్ద కౌంటీల్లో ఉంది, అంటే ఫ్రిస్కో, ప్లేనో, షుగర్‌ల్యాండ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామందికి వర్తిస్తుంది. కానీ అది 2 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న పెట్రోలు కార్లకే. 25 నిండితే టెస్ట్ లేదు, ఇన్సూరెన్స్ ఏదైనా సరే. అక్కడ 22, 23 ఏళ్ల బండి ఉన్నవాళ్లు టెస్ట్ తప్పించుకోవడం కోసం ఏమీ చేయక్కర్లేదు, ఇంకో ఒకటి రెండు సార్లు చేయించుకుంటే చాలు. అట్లాంటా చుట్టూ ఉన్న 13 కౌంటీల్లోనూ, వర్జీనియాలో లౌడన్, ఫెయిర్‌ఫ్యాక్స్ వైపూ ఇదే తీరు, 25 మోడల్ ఏళ్లు గీత.

న్యూజెర్సీ మళ్లీ అరిజోనా వైపు మొగ్గుతుంది. 25 ఏళ్లు దాటినవాటికి హిస్టారిక్ అనే నంబరు ప్లేట్లు వేరే ఉన్నాయి. అంత వయసు లేని ప్రత్యేక బండ్లకి కలెక్టర్ వాహనం అనే హోదా ఉంది. దానికి పరిమిత వాడకపు ఇన్సూరెన్స్ ఉండాలి, ఏడాదికి 3,000 మైళ్లు దాటకూడదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 నుంచి, ఫ్లోరిడాలో ఇంకా ముందు నుంచే టెస్ట్ లేదు. రెడ్మండ్‌లోనో, టాంపాలోనో ఉంటే మిగతాదంతా ఇన్సూరెన్స్ గురించే ఆలోచించండి.

అసలు విలువ పాలసీలో ఉంది

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే డబ్బు నిజంగా పోయేదీ వచ్చేదీ ఇక్కడే. అరిజోనాలో ఒక టెస్ట్ ఖర్చు ఇరవై డాలర్లు దాటదు. రెండేళ్లకోసారి ఇరవై డాలర్లు మిగులుతాయని ఎవరూ ఇన్సూరెన్స్ మార్చుకోకూడదు.

ఇండియాలో కారు పాలసీ మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. ఏటా తరుగు తీసేసి ఆ అంకె తగ్గిస్తారు, కానీ ఆ ఏడాదికి అది ముందే తెలుసు. బండి పూర్తిగా పోతే డబ్బు దాని ప్రకారమే వస్తుంది. ఆ అలవాటుతో అమెరికా వచ్చిన మనలో చాలామంది ఇక్కడ కూడా అలాంటి అంకె ఒకటి ఎక్కడో ఉంటుందనుకుంటాం. మామూలు పాలసీలో అది లేదు. ప్రమాదం జరిగిన రోజు ఆ బండి బజారు ధర ఎంతో కంపెనీ అప్పుడు లెక్కగడుతుంది. దాన్ని యాక్చువల్ క్యాష్ వాల్యూ అంటారు. క్యామ్రీకి ఇది సరిపోతుంది, ఎందుకంటే చుట్టుపక్కల అలాంటివి వంద అమ్ముడవుతుంటాయి. తక్కువ మైళ్లు తిరిగిన, ఒక్క గీత పడని ఎస్2000కి సరిపోదు. మాట వరసకి, మీరు 34,000 డాలర్లు పెట్టి కొన్న బండిని, ఎండలో మాడి లక్షా ఇరవై వేల మైళ్లు తిరిగిన ఇంకో రెండు బండ్ల పక్కన పెట్టి 23,000 అంటే, ఆ తేడా మీ జేబులోంచే పోతుంది. వాదించొచ్చు, విలువ కట్టే అప్రైజర్‌ని పెట్టుకోవచ్చు, కానీ అది నెలల తరబడి సాగే పని.

కలెక్టర్ పాలసీలో అగ్రీడ్ వాల్యూ ఉంటుంది. బండి విలువ ఎంతో మీరూ కంపెనీ పాలసీ మొదట్లోనే ఒప్పుకుని కాగితం మీద రాస్తారు. పూర్తిగా పోతే ఆ మొత్తం ఇస్తారు, తరుగు తీయరు. జేమ్స్ గ్రండీ 1947లో ఈ పద్ధతితోనే తన కంపెనీ మొదలుపెట్టారు. 1984లో మిషిగన్‌లోని ట్రావర్స్ సిటీలో చెక్క పడవలకి ఇన్సూరెన్స్ ఇవ్వడంతో మొదలై తర్వాత కార్లవైపు వచ్చిన హ్యాగర్టీ దీన్ని గ్యారంటీడ్ వాల్యూ అంటుంది. 1976 నుంచి ఉన్న అమెరికన్ కలెక్టర్స్ కూడా ఇదే తరహా. పేరేదైనా, మీరు వెతకాల్సింది ఆ ఒప్పుకున్న అంకె.

జాగ్రత్త పడాల్సిన మాట ఇంకొకటుంది: స్టేటెడ్ వాల్యూ. వినడానికి అగ్రీడ్ వాల్యూలాగే ఉంటుంది, మీరు ఒక అంకె చెప్తారు, అది కాగితం మీద కూడా వస్తుంది. కానీ క్లెయిమ్ రోజున ఆ అంకెకీ బజారు విలువకీ ఏది తక్కువైతే అది ఇచ్చే హక్కు కంపెనీకి ఉంటుంది. అంటే ఎక్కువ అంకె చెప్పి ఎక్కువ ప్రీమియం కట్టినా వచ్చేది తక్కువే. మామూలు కంపెనీల ఏజెంట్లు కొందరు, తెలిసో తెలియకో, ఈ రెండు మాటలనీ ఒకటిగా వాడేస్తారు. ఫోన్‌లో విన్నదాన్ని నమ్మొద్దు. పాలసీలో మొదటి పేజీ తీసి ఏ మాట ఉందో మీ కళ్లతో చూడండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే నేను ఈ మాటే చెప్తాను.

ప్రీమియం సంగతి. కలెక్టర్ పాలసీలు చాలాసార్లు మామూలు వాటికంటే చవక. మంచి మనసుతో ఇస్తున్నారని కాదు, బండి తక్కువ తిరుగుతుంది, రాత్రిపూట తాళం వేసిన గ్యారేజీలో ఉంటుంది, రోజూ ట్రాఫిక్‌లోకి వెళ్లదు కాబట్టి. ఆ చవకకి బదులుగా మీరు మాటిచ్చేది కూడా అదే. ఆఫీసుకి నడపకూడదు. పిల్లల్ని స్కూల్లో దింపడానికి, కాస్ట్‌కోకి సరుకులకి దాన్నే రోజూ తీయకూడదు. ఇంట్లో లైసెన్స్ ఉన్న ప్రతి ఒక్కరికీ రోజువారీ కారు వేరేగా ఉండాలని చాలా కంపెనీలు అడుగుతాయి. ఇక్కడ మన ఇళ్లల్లో చిక్కొస్తుంది. భార్యాభర్తలిద్దరికీ లైసెన్స్ ఉండి, ఒక్క ఎస్‌యూవీ, ఒక్క స్పోర్ట్స్ కారు ఉన్న ఇల్లు చాలా మామూలు. అలాంటప్పుడు ఆ రెండోది రోజువారీ కారేనని కంపెనీ అనుకుంటుంది, అనుకోవడం సబబే.

ఇంకో చిక్కు డ్రైవింగ్ చరిత్ర. అమెరికా లైసెన్స్ ఎన్నేళ్లుగా ఉందని అడుగుతారు. హైదరాబాద్‌లో పదేళ్లు నడిపిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవడం అరుదు. ఈ మధ్యనే హెచ్1బీ మీద వచ్చి, రెండేళ్లు కూడా కాకముందే పోర్ష బాక్‌స్టర్ కొన్న కుర్రాళ్లకి దరఖాస్తు వెనక్కొచ్చే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్లు మామూలు పాలసీ మీద ఉండి రికార్డు శుభ్రంగా ఉంచుకుని, తర్వాత మళ్లీ అడగడం మంచిది.

ట్రాక్ డేల గురించి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజుల గురించి, కూడా ముందే తెలుసుకోండి. మామూలు పాలసీ అయినా, కలెక్టర్ పాలసీ అయినా, రేస్ ట్రాక్ మీద జరిగిన నష్టాన్ని దాదాపుగా కవర్ చేయవు. దానికి ఆ ఒక్క రోజుకి విడిగా పాలసీ తీసుకోవాలి.

ఎవరికి ఏది

మీరు వారానికి రెండు మూడు రోజులు ఆ కారులోనే ఆఫీసుకి వెళ్తుంటే, మామూలు పాలసీలోనే ఉండండి, టెస్ట్ చేయించుకోండి. టెస్ట్‌కి ముందు వారం పదిరోజులు బ్యాటరీ తీయకుండా రోజూ నడపండి. కారు కంప్యూటర్‌ని చదివే చవకైన స్కానర్ ఒకటి కొని ఫోన్‌కి కలిపితే మానిటర్లు సిద్ధంగా ఉన్నాయో లేదో ఇంట్లోనే కనిపిస్తుంది. బయటికెళ్లి తిరస్కరణ తెచ్చుకునే పని ఉండదు. ఆఫీసుకి నడుపుతూనే కలెక్టర్ పాలసీ తీసుకోవడం మాత్రం వద్దు. ఉదయం ఎనిమిదిన్నరకి ఆఫీసు దారిలో ప్రమాదం జరిగితే క్లెయిమ్ పరిశీలించేవాళ్లకి చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. దానికి తోడు అరిజోనాలో మినహాయింపు కోసం వాడకం గురించి ప్రభుత్వానికి చెప్పిన మాట కూడా తప్పవుతుంది.

నెలకి రెండు మూడుసార్లు, ఆదివారం పొద్దున సూపర్‌స్టిషన్ కొండల వైపు వెళ్లి రావడం, కార్లవాళ్లు కాఫీ దగ్గర కలిసే చోటికి వెళ్లడం, ఇంతే మీ వాడకమైతే ఇంకేమీ ఆలోచించకుండా కలెక్టర్ పాలసీ తీసుకోండి. టెస్ట్ లేని రాష్ట్రంలో ఉన్నా తీసుకోండి. అరిజోనాలో, న్యూజెర్సీలో ఉంటే అదనపు లాభం కూడా వస్తుంది. అయితే పాలసీలో మైళ్ల హద్దు ఎంతో చూసుకోండి. కొన్నిటిలో గట్టి హద్దు ఉంటుంది, కొన్నిటిలో లేదు గాని వాడకం మీద షరతులు ఉంటాయి. మీ రాష్ట్రం మినహాయింపు ఆ హద్దు ఉండాలని కోరుతుంటే, హద్దు లేని పాలసీ ఎంత బాగున్నా ఆ పనికి సరిపోదు.

బండికి 23, 24 ఏళ్లుండి టెక్సాస్‌లోనో జార్జియాలోనో ఉంటే, టెస్ట్ కోసం ఏమీ మార్చకండి. వయసే మిమ్మల్ని విడిపిస్తుంది. పాలసీ సంగతి విలువని బట్టి విడిగా తేల్చుకోండి. టెక్సాస్‌లో 25 ఏళ్లు నిండినవాటికి యాంటిక్ ప్లేట్లు ఉన్నాయి గాని, అవి వాడకానికి హద్దు పెడతాయి. టెస్ట్ ఎలాగూ పోయాక ఆ హద్దు ఎందుకు నెత్తికెత్తుకోవడం?

జపాన్ నుంచి తెప్పించుకున్న పాత నిస్సాన్ స్కైలైన్ లాంటి బండ్లది వేరే కథ. 25 ఏళ్లు నిండితే దేశంలోకి తేవొచ్చు, అదే వయసుకి టెక్సాస్‌లో టెస్ట్ కూడా ఉండదు. కాలిఫోర్నియాలో రిజిస్టర్ చేయాలంటే మాత్రం అక్కడి పొగ ప్రమాణాలకి తగ్గట్టు మార్పించాలి, దానికి బండి ధరలో పెద్ద భాగమే అవుతుంది. 25 నిండని అరుదైన వాటికి షో ఆర్ డిస్‌ప్లే అనే కేంద్ర ప్రభుత్వ మినహాయింపు ఉంది, ఏడాదికి 2,500 మైళ్లు హద్దు. బిల్ గేట్స్ పోర్ష 959 ఏళ్ల తరబడి కస్టమ్స్ గోడౌన్‌లో ఉండిపోయాక, అలాంటివాళ్ల ఒత్తిడి మీద వచ్చిన నియమం అది. మనలో ఎక్కువమందికి దాంతో పని పడదు.

ఒక మాట మాత్రం అన్ని రాష్ట్రాలవాళ్లకీ. టెస్ట్ లేదు కదా అని క్యాటలిటిక్ కన్వర్టర్ పీకి నేరుగా పైపు వేయించడం చట్టరీత్యా తప్పే. కేంద్రంలోని క్లీన్ ఎయిర్ యాక్ట్ దాన్ని నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చే మినహాయింపు పరీక్షకే, బండిలో భాగాలు తీసేయడానికి కాదు. ఫీనిక్స్‌లో వేసవిలో ఓజోన్ హెచ్చరిక ఎన్నిసార్లు వస్తుందో ఇక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. ఉబ్బసం ఉన్న పిల్లలు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఏడాదికి వెయ్యి మైళ్లు నడిచే బండి కాబట్టి మనకి ఈ వెసులుబాటు ఇచ్చారు, ఆ లెక్క నిజంగా ఉంచడం మన బాధ్యత.

మార్చుకునేటప్పుడు వరస తప్పకండి. ముందు బండి ఫొటోలు అన్ని వైపుల నుంచి తీయండి, ఓడోమీటర్‌తో సహా. టైర్లు, సస్పెన్షన్ లాంటివి మార్పించి ఉంటే బిల్లులు పక్కన పెట్టండి, విలువ ఒప్పించడానికి అవే ఆధారం. కొత్త పాలసీ చేతికొచ్చి, మొదలయ్యే తేదీ చూసుకున్నాకే పాతది ఆపండి. ఒక్క రోజు ఖాళీ ఉన్నా రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవ్వొచ్చు. లయబిలిటీ (ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి ఇచ్చే కవర్) మొత్తాన్ని చట్టం అడిగే కనీసం దగ్గర వదిలేయకండి, మీ రోజువారీ కారుకి ఎంత ఉందో దీనికీ అంతే పెట్టండి, దాని పైన అదనపు రక్షణ ఇచ్చే అంబ్రెల్లా పాలసీ ఉంటే అందులో ఈ కొత్త కంపెనీ పేరు కూడా ఎక్కించమనండి. మినహాయింపు కాగితాలు రెన్యువల్ గడువుకి నెల ముందే ఇవ్వండి. ఆ తర్వాత ఏటా పాలసీ రెన్యువల్ వచ్చినప్పుడు ఒప్పుకున్న విలువ సరిచూసుకోండి. ఈ బండ్ల ధరలు కొన్నేళ్లుగా పెరిగాయి, 2018లో ఒప్పుకున్న అంకె మీదే ఉండిపోతే మళ్లీ మొదటి సమస్యే వస్తుంది. నేను ప్రతి జనవరిలో సంక్రాంతి సెలవు చూసుకుని ఆ పని చేస్తాను, గంట కూడా పట్టదు.